టవల్ చూసి గది.. బరువు చూసి విమానం

టికెట్ ధర వేరు, ప్రయాణం ఖర్చు వేరు
సోలాపూర్ నేత వాడల్లో మారుతున్న ప్రయాణ లెక్కలు

సోలాపూర్: సాంచా ఆగితే పగార్ ఆగుతుంది. సోలాపూర్ పూర్వ భాగ్‌లో ఏ ప్రయాణం లెక్కయినా ఈ మాట దగ్గరే మొదలవుతుంది. నేసినదానికే కూలి.. చుట్టిన బీడీలకే మజూరీ. సిరిసిల్లలో పెళ్లి ఉన్నా, తిరుపతి మొక్కు ఉన్నా, హైదరాబాద్‌లో సరుకు బాకీ వసూలు చేయాల్సి ఉన్నా ముందు అడిగేది టికెట్ ఎంతని కాదు. ఎన్ని దినాల పని పోతుందని!

ఈ లెక్కలోకి ఇప్పుడు విమానం కూడా వచ్చి చేరింది. అశోక్ చౌక్, దత్తనగర్, సాఖర్‌పేట, భద్రావతి పేట, నీలంనగర్.. ఏ గల్లీలో చూసినా చదువుకున్న పిల్లలు పుణెలోనో, హైదరాబాద్‌లోనో కొలువుల్లో ఉన్నారు. టికెట్లు, గదులు సెల్‌ఫోన్‌లో వాళ్లే తీసి పంపుతున్నారు. తండ్రుల కాలంలో స్టేషన్ ముందరి లాడ్జిలో ఒక మంచం దొరికితే చాలు. కొడుకుల కాలంలో ఏసీ ఉందా, వేడినీళ్లు వస్తాయా, పొద్దున టిఫిన్ ఇస్తారా అని చూస్తున్నారు. స్టార్ హోటల్ అక్కర్లేదు, డార్మిటరీ వద్దు. నడుమ రకం కావాలి. విమానమైతే అందరికన్నా తక్కువ ధరది కావాలి. అయితే ఈ నడుమ రకంలోనే జేబుకు తెలియకుండా చిల్లు పడే చోట్లు ఎక్కువ. నేతకారు బట్టను చూసినట్టే ప్రయాణాన్నీ తిరగేసి చూస్తే తప్ప అవి కనిపించవు.

హోట్గీ రోడ్డుకు రెక్కలు

సోలాపూర్‌కు విమానం కొత్తేమీ కాదు. 2012లో మూతపడిన కింగ్‌ఫిషర్ సంస్థ అంతకు ముందు కొంతకాలం ఇక్కడికి సర్వీసు నడిపి మానేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి హోట్గీ రోడ్డు విమానాశ్రయం ఊరికే పడి ఉంది. పక్కనున్న సిద్ధేశ్వర్ చక్కెర కర్మాగారం పొగగొట్టం విమానాల రాకపోకలకు అడ్డమంటూ చాలాకాలం వివాదం సాగింది. 2023 జూన్‌లో ఆ పొగగొట్టాన్ని కూల్చేశారు. 2024 సెప్టెంబర్ 29న విమానాశ్రయాన్ని ప్రధాని ప్రారంభించారు. 2025 జూన్ 9న గోవాకు ఫ్లై91 సర్వీసు, అదే ఏడాది అక్టోబర్ 15న ముంబైకి స్టార్ ఎయిర్ సర్వీసు మొదలయ్యాయి. సీట్లు నిండకపోతే కంపెనీకి నష్టం రాకుండా ముంబై మార్గానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సాయం కూడా ప్రకటించింది.

చిన్న ఊళ్లకు విమానం అనే మాట ఈ సరిహద్దులో వినిపించడం ఇది మొదటిసారి కాదు. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న దేశంలో తొలి విడతగా ప్రారంభమైన సర్వీసుల్లో నాందేడ్-హైదరాబాద్, కడప-హైదరాబాద్ కూడా ఉన్నాయి. గంట ప్రయాణానికి విమానంలో సగం సీట్లు రూ.2,500కు మించకుండా అమ్మాలన్నది ఆ పథకం నిబంధన. అక్కడే చాలామంది పొరబడతారు. తక్కువ ధర సగం సీట్లకే! మిగతా సగం ధర గిరాకీని బట్టి ఎక్కుతుంది. ముందు కొన్నవాడికి ఒక రేటు, ఆఖరున కొన్నవాడికి ఇంకో రేటు. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు టికెట్లు పోల్చుకుంటే ఒకరికి నవ్వు, ఒకరికి ఏడుపు.

ఇంటి నుంచి ఇంటికి ఎంత?

ముంబై ప్రయాణాన్నే తీసుకుందాం. సోలాపూర్ నుంచి ముంబైకి రైలు మార్గం సుమారు 455 కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరి 10న మొదలైన వందేభారత్ సుమారు ఆరున్నర గంటల్లో చేరుస్తోంది. విమానం గాలిలో ఉండేది గంట, గంటంపావు. చెప్పుకోవడానికి ఐదు గంటలు మిగిలినట్టే. కానీ విమానాశ్రయానికి రెండు గంటల ముందు చేరమంటారు. బయల్దేరడానికి గంట ముందే సామాను కౌంటర్ మూసేస్తారు. ముంబైలో దిగాక సామాను కోసం బెల్టు దగ్గర నిలబడాలి. అక్కణ్నుంచి మసీద్ బందర్‌కో, కాల్బాదేవికో టాక్సీలో పోవాలి. రైలు దిగినవాడికి ఆ బజార్లు పక్కనే. కూడి చూస్తే మిగిలేది ఐదు గంటలు కాదు, రెండు గంటలు. ట్రాఫిక్ జామ్ అయితే అదీ ఉండదు.

ఇక సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ లెక్క వేరు. రాత్రి సోలాపూర్‌లో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి ముంబై. పగలంతా పని చూసుకుని రాత్రి మళ్లీ అదే బండి ఎక్కితే రెండో రోజు పొద్దున ఇంట్లో. పోయేది ఒక్క దినం. హోటల్ గది అక్కర్లేదు. బెర్తు ధరలోనే పడక కూడా కలిసొస్తుంది. రెండు రాత్రుల గది అద్దె మిగిలించే రైలు ముందు గంటలో చేర్చే విమానం కూడా ఒక్కోసారి ఖరీదే.

అలాగని విమానం దండగ అనడానికి లేదు. నడుము నొప్పితో పడుకుని పోలేని పెద్దవాళ్లను ముంబై ఆస్పత్రికి తీసుకెళ్లేవారికి అది వరమే. ఒకేరోజు వెళ్లి బయ్యర్‌ను కలవాల్సిన ఎగుమతిదారుకూ గంట మిగిలినా లాభమే. ఎవరి పనికి ఏది సరిపోతుందన్నదే అసలు సంగతి.

15 కిలోల్లో చద్దర్లు ఎన్ని?

సోలాపూర్ వ్యాపారికి ప్రయాణమంటే సామాను. చద్దర్లు, టర్కీ టవళ్ల నమూనాలు లేకుండా చేతులూపుకుంటూ పోతే గిరాకీ రాదు. రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ప్రయాణికుడు 40 కిలోల వరకు సామాను ఉచితంగా తీసుకెళ్లవచ్చు. సెకండ్ ఏసీలో 50 కిలోలు. విమానంలో సాధారణ టికెట్‌పై లోపల పెట్టే సామాను 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. అంతకు మించితే కిలో లెక్కన కట్టాలి. కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు కడితే మరీ ఎక్కువ. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ పడుతుంది.

సోలాపూరీ చద్దర్ బరువు ఇక్కడివారికి చెప్పాల్సిన పనిలేదు. నాలుగైదు పెద్ద చద్దర్లు, రెండు డజన్ల టవళ్లు కట్టేసరికి తూకం ముల్లు గీత దాటుతుంది. పెళ్లికి పెట్టుబడి చీరలు, సారె సామాను పట్టుకుపోయే ఇంటివారిదీ అదే తిప్పలు. చౌక టికెట్ కొన్నామన్న సంబరం తూకం దగ్గర తీరిపోతుంది. నమూనాలు ముందురోజే పార్శిల్‌లో పంపి, మనిషి మాత్రం చేతిసంచితో ఎక్కితేనే విమానం గిట్టుబాటు.

సీటు ఎంచుకోవడానికి డబ్బు, తిండికి డబ్బు, ఆన్‌లైన్‌లో కొన్నందుకు కన్వీనియన్స్ ఫీజు.. ఇవన్నీ టికెట్‌కు తోకలు. కిటికీ సీటు మోజు లేకపోతే సీటు కోసం కట్టనక్కర్లేదు. విమానం ఎక్కేలోగా ఏదో ఒక సీటు వాళ్లే ఇస్తారు. కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు విడిగా వసూలు చేయరాదని కేంద్ర విమానయాన శాఖ 2022 జులైలో స్పష్టం చేసింది. ఫోన్‌లో చెక్-ఇన్ చేయడం రాని పెద్దవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నడుమ రకం విమానాలు ఏవి?

హోటళ్లలో నడుమ రకం పెరుగుతుంటే విమానాల్లో అది తగ్గిపోయింది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి సామాన్యుడికి విమానం చూపించారు. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. డెక్కన్ కింగ్‌ఫిషర్‌లో కలిసింది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఇలా ఒక్కొక్కటీ పోయి దేశంలో ఎక్కువ ప్రయాణికులు రెండు పెద్ద గుంపుల చేతిలోకి వచ్చారు.

దీని ఫలితం 2025 డిసెంబర్‌లో తెలిసింది. పైలట్ల పని గంటలపై కొత్త నిబంధనల వేళ సిబ్బంది సర్దుబాటు కుదరక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది. మిగతా సంస్థల టికెట్లకు రెక్కలొచ్చాయి. చివరకు కేంద్రమే కలగజేసుకుని డిసెంబర్ 6న తాత్కాలికంగా ధరలకు పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు రూ.7,500, వెయ్యి కిలోమీటర్ల లోపు రూ.12,000 అని గీత గీసింది. ఒక సంస్థ ఆగితే దేశమే ఆగే పరిస్థితిలో తిరుగు టికెట్ మీద పూర్తిగా ఆశ పెట్టుకుని, మరునాడే సాంచా ఎక్కుతానని మాటివ్వడం కష్టమే.

విమానం ఆలస్యమైతే ప్రయాణికుడికి కొన్ని హక్కులున్నాయి. చిన్న దూరపు సర్వీసు రెండు గంటలు దాటి ఆలస్యమైతే కంపెనీయే తిండి, నీళ్లు ఇవ్వాలి. ఆరు గంటలు మించితే వేరే విమానం గానీ, పూర్తి సొమ్ము గానీ అడగవచ్చు. టికెట్ మనమే రద్దు చేసుకున్నా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాల్సిందే. అడగనివాడికి ఇవేవీ రావు.

గది సంగతి టవల్ చెబుతుంది

సోలాపూర్ మనిషి హోటల్ గదిలోకి పోతే ముందు టీవీ చూడడు. మంచం మీద మడిచిపెట్టిన టవల్ చేతిలోకి తీసుకుంటాడు. అది పుట్టుకతో వచ్చిన అలవాటు. చద్దర్‌కు, టర్కీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు ఇది. ఏ టవల్ ఎన్ని ఉతుకులు తిన్నదో తాకి చెప్పగలరు ఇక్కడివారు.

నిజానికి గది మంచిదో కాదో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. టవల్ కుచ్చు అణిగి, అంచు దారాలు లేచి, తెలుపు బూడిద రంగుకు తిరిగితే ఆ యజమాని ఖర్చు మిగుల్చుకుంటున్నట్టే. టవల్ మార్చనివాడు దిండు గలీబు మాత్రం ఏం మారుస్తాడు? నీళ్ల ట్యాంకు ఏం కడిగిస్తాడు? అదే టవల్ పాతదైనా శుభ్రంగా ఉతికి, అంచు కుట్టించి ఉంటే ఆ హోటల్లో అజమాయిషీ ఉన్నట్టు. గోడకు ఖరీదైన బొమ్మలు, రిసెప్షన్‌లో అద్దాలు చూసి మోసపోవచ్చు. టవల్ చూసి మోసపోవడం తక్కువ. అందుకే డబ్బు కట్టకముందే గది చూపించమనాలి. నడుమ రకం హోటల్లో గది చూపించమంటే నామోషీ ఏమీ లేదు.

నాంపల్లి, సికింద్రాబాద్, కాచిగూడ స్టేషన్ల చుట్టూ ఉన్న లాడ్జీలే సోలాపూర్ వాసులకు పాత చుట్టాలు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో దించుతుంది. బేగంబజార్, మదీనా బట్టల మార్కెట్లు అక్కడికి దగ్గర. జనవరి 1 నుంచి నాంపల్లి నుమాయిష్ జరిగే రోజుల్లో ఆ చుట్టుపక్కల గదులకు గిరాకీ. కాస్త డబ్బు మిగులుతుందని ఫోన్‌లో చూసి ఊరి చివర కొత్త హోటల్ తీసుకుంటే, పొద్దునా సాయంత్రం ఆటోకు పెట్టేది ఆ మిగులును మింగేస్తుంది.

చెక్-ఇన్ టైమ్ దగ్గర జాగ్రత్త పడాలి. పాత లాడ్జీల్లో 24 గంటల పద్ధతి. పొద్దున ఆరుకు దిగితే మర్నాడు ఆరు దాకా గది మనదే. కొత్త హోటళ్లలో మధ్యాహ్నం 12కు లెక్క మొదలు. తెల్లవారుజామున రైలు దిగినవాడు ఆరేడు గంటలు రిసెప్షన్‌లో కూర్చోవాలి, లేదంటే ఇంకో రోజు అద్దె కట్టాలి. సోలాపూర్ వైపు రైళ్లు చాలావరకు వేళగాని వేళల్లో చేరేవే కాబట్టి, అద్దె వంద రూపాయలు ఎక్కువైనా 24 గంటల లాడ్జీయే లాభం.

పన్ను తగ్గింది.. బిల్లు చూడండి

గది అద్దెపై పన్ను లెక్క ఈమధ్య రెండుసార్లు మారింది. 2022 జులై 18 వరకు వెయ్యి రూపాయల లోపు గదికి జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి వాటికీ 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ.7,500 లోపు గదులన్నింటికీ 5 శాతానికి తగ్గించారు. రోజుకు రూ.1,500 అద్దె గదిలో రెండు రాత్రులుంటే పాత లెక్కన పన్ను రూ.360, కొత్త లెక్కన రూ.150. మిగిలేది రూ.210. పెద్ద మొత్తం కాదు గానీ, ఇద్దరి భోజనం ఖర్చు. అద్దె పెంచేసి పన్ను తగ్గిందని చూపే చోట అదీ మిగలదు. కాబట్టి చూడాల్సింది పన్ను శాతం కాదు.. అన్నీ కలిపి చేతి నుంచి పోయేది ఎంతని.

సత్రం ఉండగా హోటలెందుకు?

యాత్రల్లో మాత్రం ఇప్పటికీ సత్రాలదే పైచేయి. శ్రీశైలం, యాదగిరిగుట్ట లాంటి క్షేత్రాల్లో పద్మశాలి అన్నసత్రాలున్నాయి. తిరుమలలో దేవస్థానం సాధారణ గదులు రూ.50, రూ.100 అద్దెకే ఇస్తారు. కొండ కింద రైల్వే స్టేషన్ ఎదురుగానే విష్ణు నివాసం ఉంది. సోలాపూర్ మీదుగా చెన్నై వెళ్లే రైళ్లు రేణిగుంటలో ఆగుతాయి. అక్కడి నుంచి తిరుపతి పక్కనే. హైదరాబాద్ దాకా రైలు, శంషాబాద్ నుంచి తిరుపతికి విమానం అని లెక్కేసుకునేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. 2008 మార్చిలో విమానాశ్రయం ఊరి నడుమనున్న బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. రైలు దిగి అక్కడికి చేరడానికే గంటకు పైగా పడుతుంది. నలుగురున్న కుటుంబానికి నేరుగా పోయే రైలే అన్నివిధాలా నయం. దర్శనం టికెట్, గది దొరికాకే రైలు టికెట్ తీసుకోవాలన్నది పెద్దల మాట. రైలు రిజర్వేషన్ గడువు 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులకు తగ్గడంతో ఆ మాట పాటించడం ఇప్పుడు తేలికైంది.

సరిహద్దు దాటితే టికెట్ మారుతుంది

పుణె-మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారి మీద సోలాపూర్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్.. మూడు రాష్ట్రాల మీదుగా బస్సు పోతుంది. ఆడవాళ్ల టికెట్ కథ రాష్ట్రానికో తీరు. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో 2023 మార్చి నుంచి మహిళలకు సగం టికెట్. అది రాష్ట్ర సరిహద్దు వరకే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచితం. అయితే తెలంగాణ చిరునామా గుర్తింపు కార్డు ఉన్నవారికే! సోలాపూర్ ఆధార్ చూపిస్తే టికెట్ కొనాల్సిందే. ఇంట్లో తెలుగే మాట్లాడినా, పుట్టిల్లు కరీంనగర్‌లోనే ఉన్నా కండక్టర్ చూసేది కార్డు మీది చిరునామానే. జహీరాబాద్‌లో బస్సెక్కాక వాదులాట పెట్టుకునే బదులు చిల్లర ముందే తీసిపెట్టుకోవడం మేలు.

అర్జెంటు కబురు వస్తే..

పెళ్లికి ముహూర్తం ముందే తెలుస్తుంది. చావు కబురు అర్ధరాత్రి వస్తుంది. సోలాపూర్ తెలుగు కుటుంబాలకు ఏ ప్రయాణమైనా ఇక్కడే అసలు పరీక్ష. తెలంగాణలో అన్న పోయాడంటే చెల్లెలు దహనానికి అందుకోవాలి. అప్పటికప్పుడు విమానం టికెట్ కొంటే నెల కూలీ ఊడ్చుకుపోతుంది. పైగా సిరిసిల్ల, జగిత్యాల, సిద్దిపేటల్లో విమానం దిగే చోటు లేదు. తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఐఆర్‌సీటీసీ ఖాతా తప్పనిసరి. ఆ పని చేసుకోని ఇంట్లో ఫోన్ చేతిలో ఉన్నా టికెట్ చేతికి రాదు. చివరికి ఆదుకునేది రోడ్డే. బస్టాండ్‌లో దొరికిన బస్సు, లేదా నలుగురు బంధువులు కలిసి మాట్లాడుకున్న జీపు. చౌక విమానం ముందుచూపు ఉన్నవాడికి చౌక. తొందరలో ఉన్నవాడికి అదే అన్నింటికన్నా ఖరీదు.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* టికెట్ ధరకు సామాను, ఆటో, గది, తిండి, పోయే పని దినాలు కలపండి. అప్పుడే రైలుతో పోల్చండి.
* చిన్న ఊళ్ల విమాన సర్వీసుల వేళలు, రోజులు తరచూ మారుతుంటాయి. టికెట్ కొనే రోజున కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే చూడండి.
* సామాను ఇంట్లోనే తూకం వేసుకోండి.
* అడ్వాన్స్ కట్టేముందు హోటల్‌కు ఫోన్ చేసి చెక్-ఇన్ టైమ్ అడగండి. వేడినీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయో కూడా అడగండి.
* కుటుంబంలో ఒక్కరైనా ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జోడించి ఉంచండి. అవసరం చెప్పి రాదు.
* విమానంలో తిరిగివచ్చే రోజుకు, పనిలో చేరే రోజుకు నడుమ ఒక పూట వదిలిపెట్టండి.